లెక్కకు చిక్కని కాపలా: బాస్కెట్‌బాల్ అనుకరణ క్రీడల్లో రక్షణకు వెలకట్టే తీరు

ఎన్‌బీఏగా ప్రసిద్ధి చెందిన అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగులో 2000-01 నుంచి వరుసగా మూడు సీజన్లు బంతిని అత్యధికంగా లాక్కున్న ఆటగాడు ఎలెన్ ఐవర్సన్. ఆరడుగుల ఈ ఫిలడెల్ఫియా గార్డు ఆ మూడేళ్లూ మ్యాచికి సగటున రెండున్నరకు పైగా బంతులను ప్రత్యర్థుల చేతుల నుంచి తప్పించాడు. ఆటలో దీనినే స్టీల్ అంటారు. అదే కాలంలో మొదట మయామీకి, ఆ తరువాత శాన్ ఆంటోనియోకు ఆడిన బ్రూస్ బోవెన్ అనే మరో ఆటగాడు ఉండేవాడు. అతడి వృత్తి జీవితమంతా కలిపి చూసినా స్టీల్స్ సగటు మ్యాచికి ఒకటి కూడా లేదు. అయినా ప్రతి సీజను చివర లీగు ప్రకటించే ఉత్తమ రక్షణ జట్లలో బోవెన్ 2001 నుంచి 2008 దాకా వరుసగా ఎనిమిది సార్లు చోటు సంపాదించాడు. ఐవర్సన్‌కు ఆ గౌరవం ఒక్కసారి కూడా దక్కలేదు. ఆ రోజుల్లో ఆ జట్లను ఓట్లు వేసి ఎన్నుకున్నవారు విలేకరులు కారు, లీగులోని జట్ల కోచ్‌లు.

ఈ ఇద్దరిలో మేలైన రక్షకుడెవరని కోచ్‌లను అడిగితే జవాబు తడుముకోకుండా వచ్చేది. స్కోరు పత్రాన్ని మాత్రమే చదవగలిగినవారిని అడిగితే సరిగ్గా తలకిందులైన జవాబు వచ్చేది. బాస్కెట్‌బాల్‌ను కంప్యూటరు తెర మీదనో, బల్ల మీద పాచికలతోనో అనుకరించే క్రీడల రూపకర్తలకు దశాబ్దాలుగా ఎదురవుతున్న చిక్కు ఇదే. కోచ్ తన అభిప్రాయాన్ని మాటల్లో చెప్పి ఊరుకోవచ్చు. అనుకరణ క్రీడకు ఆ వెసులుబాటు లేదు. బోవెన్ పేరు ఎదుట ఏదో ఒక అంకె వేయనిదే అది ఒక్క అడుగు కదలదు. తెలియదు అని రాసుకునే గడి అందులో ఉండదు.

కాగితం మీద మిగలని పని

దాడి చేసే ఆటగాడి పని కాగితం మీద మిగులుతుంది. ఎన్ని షాట్లు వేశాడు, ఎన్ని బుట్టలో పడ్డాయి, ఎన్ని బంతులు తోటివాడికి అందించి పాయింట్లు రాబట్టాడు అన్నది అంతా నమోదవుతుంది. రక్షణ పని అలాంటిది కాదు. ప్రత్యర్థిని తనకు ఇష్టమైన చోటికి చేరనీయకుండా పక్కకు తోలడం, అతడు బంతి అందుకోవలసిన దారిలో ముందుగానే నిలబడడం, షాట్ వేసే క్షణంలో ముఖం ముందు చెయ్యి అడ్డు పెట్టడం అన్నవి ఏ గడిలోనూ చేరవు. ఇంకా చెప్పాలంటే మంచి రక్షణ ఫలితం ఏదీ జరగకపోవడమే. జరగనిదాన్ని లెక్కించడం ఎవరికైనా కష్టమే. కబడ్డీ ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. కూతకు వచ్చినవాడి కాలు పట్టినవాడికి పేరు వస్తుంది, ఆ మూలకు వాడిని తోలుకొచ్చిన పక్కవాడిని ఎవరూ తలచుకోరు.

పైగా రక్షణకు సంబంధించి నమోదయ్యే ఆ కాస్త కూడా చాలా ఆలస్యంగా మొదలైంది. ఎన్‌బీఏ స్టీల్స్‌ను, బ్లాక్‌లను అధికారికంగా లెక్కించడం ఆరంభించింది 1973-74 సీజనులో. షాట్ వేసిన బంతిని గాలిలోనే అడ్డుకోవడాన్ని బ్లాక్ అంటారు. ఈ విద్యకు పర్యాయపదంగా నిలిచిన బిల్ రసెల్ బోస్టన్ జట్టును పదమూడు సీజన్లలో పదకొండు సార్లు విజేతగా నిలిపి 1969లోనే విరమించుకున్నాడు. అంటే ఆట చరిత్రలోనే పేరెన్నికగన్న రక్షకుడికి అధికార పత్రాలలో ఒక్క బ్లాక్ కూడా లేదు. 2011లో వచ్చిన ఎన్‌బీఏ 2కె12 వీడియో క్రీడ పాతకాలపు మహా జట్లను పునఃసృష్టించినప్పుడు 1964-65 నాటి రసెల్ జట్టు కూడా తెర మీదికి వచ్చింది. తెర మీది రసెల్‌కు బ్లాక్ నైపుణ్యం కింద ఒక అంకె ఉంది. ఆ అంకెకు ఆధారం లీగు లెక్కలు కావు, నాడు చూసినవారి సాక్ష్యమూ పాత కథనాలూ మాత్రమే. రసెల్ విషయంలో మరో విశేషం కూడా ఉంది. అతడు అడ్డుకున్న బంతిని ప్రేక్షకులలోకి విసిరికొట్టేవాడు కాదు, మైదానంలోనే ఉంచి తోటివారికి అందేలా చూసేవాడు. బయటికి పోయిన బంతి తిరిగి ప్రత్యర్థికే దక్కుతుంది కనుక ఈ రెండు రకాల బ్లాక్‌ల విలువ ఒకటి కాదు. స్కోరు పత్రంలో మాత్రం రెండూ ఒక్కటే.

స్టీల్‌లోనూ ఇలాంటి మెలికే ఉంది. బంతి కోసం చెయ్యి చాచి దూకడమంటే పందెం కాయడమే. గెలిస్తే బంతి దక్కుతుంది. ఓడితే రక్షకుడు దారి తప్పి వెనుకబడిపోతాడు, ప్రత్యర్థులు అయిదుగురూ మిగిలిన నలుగురి మీదికి వస్తారు. పత్రంలో గెలిచిన పందేలే ఎక్కుతాయి, ఓడినవి ఎక్కవు. ఇక ఆ పత్రాన్ని బట్టే రేటింగ్ వేసే క్రీడ పందెపురాయుడిని నెత్తికెక్కించుకుని, నిలకడగా ఎదుట నిలిచినవాడిని చిన్నచూపు చూడడంలో వింత లేదు. ఐవర్సన్‌ను తక్కువ చేయడానికి చెప్పే మాట కాదిది. జట్టు దాడి భారమంతా మోసి 2001లో లీగు అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైనవాడు అతడు. 1999లో వెలువడిన ఎన్‌బీఏ 2కె తొలి సంచిక అట్ట మీద ఉన్న బొమ్మ కూడా అతడిదే.

ఎన్ని గడులు, ఏ గడులు

అనుకరణ క్రీడల్లో స్థూలంగా మూడు తెగలున్నాయి. 1970వ దశకం నుంచి ఉన్న స్ట్రాట్-ఓ-మాటిక్ వంటి బల్ల మీది ఆటలలో ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు ఉంటుంది, పాచికలు ఫలితం చెబుతాయి. ఎన్‌బీఏ 2కె వంటి వీడియో క్రీడలలో ఆడేవారి చేతివేళ్లే ఆటగాడిని కదిలిస్తాయి. మూడో తెగ నిర్వాహక క్రీడలది. ఇందులో ఆడేవారు బంతిని తాకరు, జట్టును కూర్చి వదిలితే లోపలి ప్రోగ్రామ్ మ్యాచిని లెక్కగట్టి ఫలితం ఇస్తుంది. ఆ ప్రోగ్రామ్‌నే ఇంజన్ అంటారు. జెరెమీ షెఫ్ రూపొందించగా 2013లో వచ్చిన బాస్కెట్‌బాల్ జీఎం, అంతకుముందే అంతర్జాలంలో ఉన్న బజ్జర్‌బీటర్ ఈ కోవకు చెందినవి.

ఈ క్రీడలు రక్షణను ఎలా విడదీశాయో చూస్తే రూపకర్తల ఆలోచన బయటపడుతుంది. 2కె క్రీడ రక్షణను బుట్ట దగ్గరి కాపలా, దూరపు కాపలా, స్టీల్, బ్లాక్ అని వేర్వేరు అంకెలుగా చూపుతుంది. వీటికి తోడు తోటివాడికి సాయంగా కదిలే తెలివికి, పోయే బంతిని పసిగట్టే నేర్పుకు కూడా అనేక సంచికలలో అంకెలు ఉన్నాయి. బజ్జర్‌బీటర్ పన్నెండు నైపుణ్యాలను లెక్కిస్తుంది. వాటిలో బయటి రక్షణ, లోపలి రక్షణ, షాట్ అడ్డుకోవడం అని మూడు సూటిగా రక్షణవే.

బాస్కెట్‌బాల్ జీఎం దారి వేరు. అందులో ఆటగాడికి పదిహేను రేటింగులున్నా రక్షణ పేరుతో ఉన్నది ఒక్కటే, అది రక్షణ తెలివి. మిగిలినదంతా ఎత్తు, బలం, వేగం, ఎగిరే శక్తి వంటి శరీర లక్షణాల నుంచి ఇంజన్ తానే కూర్చుకుంటుంది. బుట్ట దగ్గరి రక్షణకు ఎత్తును, దూరపు రక్షణకు వేగాన్ని ఎక్కువ తూకంతో తీసుకుని, రెండింటికీ రక్షణ తెలివిని జతచేస్తుంది. పైకి పొదుపుగా కనిపించే ఈ ఏర్పాటులో ఒక వివేకం ఉంది. రక్షకుడి పని కొలవడం కష్టమైనా అతడి ఎత్తును కొలవడం కష్టం కాదు. కాళ్ల వేగాన్ని కూడా గడియారంతో పట్టుకోవచ్చు. కొలవలేనిదాన్ని ఒక్క గడికి కుదించి, మిగతాదాన్ని కొలవగలిగినవాటి మీద నిలబెట్టాడన్నమాట. అయితే ఆ ఒక్క గడిలోనే బోవెన్ వంటివాడి బతుకంతా ఇరుక్కుని ఉంటుందన్నది కూడా నిజం.

వీడియో క్రీడలకు మరో ఇబ్బంది ఉంది. తెర మీద కాపలా కాసేది ఆటగాడి రేటింగు మాత్రమే కాదు, దానిని నడిపే మనిషి బొటనవేళ్లు కూడా. దాడిలో రేటింగు ఎక్కువగా పలుకుతుంది. మంచి షూటర్ చేతికి బంతి చేరితే చాలు, వదిలే సమయం కాస్త అటూ ఇటూ అయినా ఆ నైపుణ్యం అక్కరకొస్తుంది. రక్షణలో తప్పు దిక్కున అడుగు వేయిస్తే ఎంత గొప్ప రక్షకుడైనా చేయగలిగింది స్వల్పం. స్టీల్ మీట అదే పనిగా నొక్కితే ఫౌల్ పడే ఏర్పాటు ఉన్నా, కుర్రకారు ఆ మీటనే ముందు నొక్కుతారు.

రేటింగు వేరు, విలువ వేరు

అంకె వేయడంతో పని సగమే అయింది. ఆ అంకె మ్యాచి ఫలితాన్ని ఎంత కదిలించాలన్నది రెండో ప్రశ్న, అసలైన ప్రశ్న కూడా అదే. తొంభై రేటింగు ఉన్న రక్షకుడు, తొంభై రేటింగు ఉన్న షూటర్ జట్టుకు సమానంగా ఉపయోగపడతారా?

ఒక జట్టు చేతికి బంతి వచ్చి, తిరిగి ఎదుటి జట్టుకు పోయేదాకా సాగే ఆటను ఒక వంతు అనుకుంటే, ఇప్పటి ఎన్‌బీఏ మ్యాచిలో ఒక్కో జట్టుకు సుమారు వంద వంతులు దక్కుతాయి. ఒక్కో వంతుకు దాదాపు 1.1 పాయింటు వస్తుంది. జట్టులోని ప్రధాన ఆటగాడు ఆ వందలో ముప్పై వంతులను తన చేతి మీదుగా ముగిస్తాడనుకుందాం. అతడు వంతుకు 1.1కి బదులు 1.2 రాబడితే జట్టుకు మూడు పాయింట్ల లాభం. అదే నైపుణ్యం ఉన్న రక్షకుడు తన ఎదుటివాడిని 1.1 నుంచి 1.0కు దించాడనుకుందాం. ఎదుటివాడు ముగించేవి ఇరవై వంతులైతే లాభం రెండు పాయింట్లు. అందులోనూ కొన్ని అతడు వేరొకరిని కాస్తున్నప్పుడు పడేవే. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలే అయినా తేడాకు మూలం స్పష్టంగా ఉంది. దాడిని ఒక్కడి చేతిలో కుప్పపోయవచ్చు. రక్షణ అలా కుప్పపడదు. ఎవరి మీద దాడి చేయాలో తేల్చేది ఎదుటి జట్టు కనుక, బోవెన్ ఉన్నచోట దాడి పండదని తెలిస్తే వారు బంతిని మరోవైపు తీసుకుపోతారు.

బుట్ట కింద నిలిచే సెంటర్ సంగతి దీనికి భిన్నం. ఏ రక్షకుడిని దాటుకుని వచ్చినవాడైనా చివరికి అతడి ఎదుటికే రావాలి. ఒక మ్యాచిలో ప్రత్యర్థులు బుట్ట దాకా చొచ్చుకువచ్చి ముప్పై షాట్లు వేస్తే, నూటికి అరవై పడవలసినవాటిని యాభైకి దించిన సెంటర్ ఒక్కడే ఆరు పాయింట్లు ఆదా చేసినట్టు. లీగు ఏటా ఇచ్చే ఉత్తమ రక్షకుడి పురస్కారాన్ని డికెంబే ముటోంబో, బెన్ వాలెస్, రూడీ గోబేర్ నాలుగేసి సార్లు అందుకోవడం, ముగ్గురూ బుట్ట కాపలాదారులే కావడం యాదృచ్ఛికం కాదు. 1996లో గ్యారీ పేటన్ తరువాత ఒక గార్డుకు ఆ పురస్కారం దక్కడానికి 2022లో మార్కస్ స్మార్ట్ దాకా ఆగవలసి వచ్చింది. రక్షణ విలువను ఆటగాడి స్థానాన్ని బట్టి మార్చని అనుకరణ క్రీడ ఈ సత్యాన్ని విస్మరించినట్టే లెక్క.

నిర్వాహక క్రీడల ఇంజన్లు ఇక్కడ ఒక సులువైన మార్గం పట్టాయి. బాస్కెట్‌బాల్ జీఎంనే తీసుకుంటే, దాడిలో షాట్ వేసేవాడిని విడిగా ఎంచుకుని అతడి నైపుణ్యాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. రక్షణను మాత్రం ప్రధానంగా మైదానంలోని అయిదుగురి సగటుగా కలిపి, ఆ సగటు మేరకు షాట్ పడే అవకాశాన్ని తగ్గిస్తుంది. లెక్క తేలికవుతుంది, ఫలితాలు కూడా మొత్తం మీద నమ్మదగినట్టే ఉంటాయి. కానీ సగటు ఒక నిజాన్ని మింగేస్తుంది. అయిదుగురికీ డెబ్బై చొప్పున రక్షణ ఉన్న జట్టు సగటు డెబ్బై. నలుగురికి ఎనభై, ఒకడికి ముప్పై ఉన్న జట్టు సగటు కూడా డెబ్బయ్యే. ఇంజన్ దృష్టిలో రెండూ ఒకటే. అసలు ఆటలో, ముఖ్యంగా సీజను చివరి పోటీలలో, ప్రత్యర్థి ఆ ముప్పై ఉన్నవాడిని వెతికి పట్టుకుంటాడు. స్క్రీన్లు పెట్టి రక్షకులను తారుమారు చేయించి, ప్రతి వంతులోనూ తమ మేటి ఆటగాడి ఎదుట అతడే నిలిచేలా చేస్తాడు. చెరువు కట్ట బలాన్ని ఎవరూ సగటు తీసి చెప్పరు, గండి పడేది బలహీనమైన చోటే. అందుచేత సగటు పద్ధతిలో నడిచే క్రీడల్లో ఒక చక్కని షూటర్‌ను, అతడికి రక్షణ బొత్తిగా రాకపోయినా, నలుగురు మంచి రక్షకుల నడుమ దాచిపెట్టడం నిజజీవితంలో కన్నా చాలా చవుక.

కెమెరాలు వచ్చాక

కొలతల విషయంలో రూపకర్తలకు ఊతమిచ్చినవారు గణాంక పరిశోధకులు. డీన్ ఆలివర్ 2004లో ప్రచురించిన బాస్కెట్‌బాల్ ఆన్ పేపర్ గ్రంథంలో వ్యక్తిగత రక్షణ రేటింగుకు ఒక సూత్రం ప్రతిపాదించాడు. స్టీల్స్, బ్లాక్‌లు, రక్షణలో దక్కిన రీబౌండ్లు వ్యక్తి ఖాతాలో వేసి, ఎవరివల్ల జరిగాయో తెలియని మిగతా విజయాలను జట్టువారందరికీ ఆడిన సమయాన్ని బట్టి పంచాడు. పద్ధతి నిజాయితీగలది. తెలియనిదాన్ని ఒకరికి కట్టబెట్టకుండా అందరికీ పంచడమే అందులోని నీతి. అయితే దానివల్ల మంచి జట్టులోని మామూలు రక్షకుడు గొప్పవాడిగానూ, బలహీనమైన జట్టులోని గొప్పవాడు మామూలువాడిగానూ కనిపించే ప్రమాదం ఉంది.

మరో మార్గం ప్లస్-మైనస్. ఆటగాడు మైదానంలో ఉన్నంతసేపు తన జట్టు ఎన్ని పాయింట్లు చేసింది, ఎన్ని సమర్పించుకుంది అన్న తేడా ఇది. తోటివారి, ప్రత్యర్థుల ప్రభావాన్ని గణితంతో విడదీస్తే దీనిలో రక్షణ కూడా తూగుతుంది. మైఖేల్ లూయిస్ 2009లో న్యూయార్క్ టైమ్స్ పత్రికకు రాసిన సుదీర్ఘ వ్యాసం హ్యూస్టన్ ఆటగాడు షేన్ బ్యాటియర్‌ను ఈ కోణంలోనే లోకానికి పరిచయం చేసింది. స్కోరు పత్రంలో బ్యాటియర్ దాదాపు కనిపించడు. అతడు ఆడుతున్నప్పుడు మాత్రం తన జట్టు మెరుగుపడుతుంది, ప్రత్యర్థి జట్టు దిగజారుతుంది. కోబీ బ్రయంట్‌ను కాయవలసి వచ్చినప్పుడు ఏ చోటి నుంచి వేస్తే అతడి షాట్లు తక్కువగా పడతాయో ముందే చదువుకుని, అటువైపే తోలేవాడు. ఒక్క స్టీల్ కూడా లేకుండా ప్రత్యర్థి చేత చెడ్డ షాట్ వేయించడం ఈ పనిలోని పరాకాష్ఠ.

2013-14 సీజను నుంచి ఎన్‌బీఏ మైదానాలన్నిటిలో కప్పు కింద ఆరేసి కెమెరాలు అమరాయి. ఆటగాళ్లందరూ, బంతీ ఎక్కడున్నదీ సెకనుకు ఇరవై అయిదు సార్లు నమోదు కావడం మొదలైంది. షాట్ వేసేటప్పుడు రక్షకుడు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో తొలిసారి అందరికీ తెలిసింది. 2016 నుంచి చేతితో దారి మళ్లించిన బంతులు, అడ్డు నిలిచిన షాట్లు, ఎదురెళ్లి సంపాదించిన ఫౌళ్లు కూడా లీగు లెక్కల్లోకి ఎక్కాయి. దీనితో చిక్కు విడిపోయిందనుకుంటే పొరపాటే. 2013లో కిర్క్ గోల్డ్స్‌బెరీ మరొకరితో కలిసి సమర్పించిన ఒక పరిశోధన పత్రం సెంటర్ల కాపలాలో రెండు వేర్వేరు ప్రభావాలున్నాయని చూపింది. దగ్గరికి వచ్చి వేసిన షాట్లు గురి తప్పేలా చేయడం ఒకటి, అసలు దగ్గరికి రావడానికే జంకేలా చేయడం రెండోది. ఈ రెండోదానికి డ్వైట్ హోవార్డ్‌ను ఉదాహరణగా చూపి, పత్రానికి అతడి పేరే పెట్టారు. భయపడి వేయని షాట్ ఏ రక్షకుడి ఖాతాలో పడాలి? కెమెరా ఆ షాట్ పడకపోవడాన్ని చూడలేదు, ఎందుకంటే ఆ షాట్ లేదు.

మూడు పాయింట్ల షాట్లలోనూ ఇలాంటి ముడే ఉంది. ఒక రక్షకుడి ఎదుట ప్రత్యర్థులు దూరపు షాట్లు సరిగా వేయలేకపోయారంటే అది అతడి గొప్పతనమని అనిపిస్తుంది. ఏళ్ల తరబడి లెక్కలు చూసిన పరిశోధకులు మాత్రం అందులో అదృష్టం పాలే ఎక్కువని తేల్చారు. రక్షకుడి చేతిలో నిజంగా ఉన్నది ఆ షాట్లు ఎన్ని వేయనిచ్చాడన్నదే. ఒక సీజను శాతాలను చూసి రేటింగులు దిద్దే క్రీడలు ఈ విషయంలో తరచూ బోల్తా పడుతుంటాయి. సీజను నడుస్తుండగానే రేటింగులు సవరించే 2కె వంటివాటిలో అంకె ఒక నెల పెరిగి మరు నెల తగ్గడానికి ఇలాంటి గాలివాటు లెక్కలు కూడా తోడవుతాయి.

బేరసారాల్లో

నిర్వాహక క్రీడల్లో ఆటగాళ్లను కొనడం, మార్చుకోవడం ముఖ్యమైన వినోదం. బజ్జర్‌బీటర్‌లో జీతం నైపుణ్యాల సూత్రాన్ని బట్టి నిర్ణయమవుతుంది కనుక రక్షణకు కూడా ఖర్చు కట్టవలసిందే. బాస్కెట్‌బాల్ జీఎంలో కంప్యూటరు నడిపే జట్లు ఆటగాడి విలువ కట్టేటప్పుడు రేటింగులతో పాటు అతడి ఆట గణాంకాలను కూడా కలుపుకుంటాయి. అందుకు వాడేది జాన్ హోలింజర్ రూపొందించిన పీఈఆర్ అనే కొలమానం. ఆటగాడి సామర్థ్యాన్ని ఒకే అంకెలో చెప్పే ఈ కొలత స్కోరు పత్రం నుంచే పుట్టింది. దాడిని వివరంగా పట్టుకున్నా, రక్షణ వైపు స్టీల్స్, బ్లాక్‌లు, రీబౌండ్లకు మించి దీని చూపు సోకదు. ఫలితంగా ఒకే క్రీడలో ఇంజన్‌కు ఒక తూకం, బజారుకు మరో తూకం ఏర్పడ్డాయి. ఇంజన్ దృష్టిలో మ్యాచిని గెలిపించే మౌన రక్షకుడు బజారులో తక్కువ ధరకు దొరుకుతాడు. అనుభవం ఉన్నవారు ముందుగా ఏరుకునేది అలాంటివారినే.

దీన్ని క్రీడలోని లోపమని కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది. అసలు లీగు బజారు కూడా చాలాకాలం ఇలాగే నడిచింది. 1996లో కళాశాల ఆటగాళ్ల ఎంపిక సాగినప్పుడు బెన్ వాలెస్‌ను ఏ జట్టూ పిలవలేదు. ఏ సీజనులోనూ మ్యాచికి సగటున పది పాయింట్లు చేయని అతడే బుట్ట కింద గోడలా నిలబడి 2004లో డెట్రాయిట్‌ను విజేతను చేశాడు. తుదిపోరులో ఓడింది మహామహులతో నిండిన లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టు, అదీ 4-1 తేడాతో. 2021లో వాలెస్ ప్రఖ్యాతుల మందిరంలో చేరాడు. బోవెన్ కథ కూడా అంతే. 1993లో ఎంపిక కాక ఫ్రాన్స్‌కు వెళ్లి ఆడుకుని వచ్చినవాడు, శాన్ ఆంటోనియోతో మూడు విజయాలలో పాలుపంచుకున్నాడు. అనుకరణ క్రీడల అభిమానులు కొందరు ఈ కాలపు జట్లను తిరిగి ఆడించి చూసినప్పుడు డెట్రాయిట్ అంత గొప్పగా ఎందుకు ఆడడం లేదని ఆశ్చర్యపడుతుంటారు. అయిదుగురి కాపలా ఒకదానితో ఒకటి అల్లుకున్న జట్టును అయిదు విడి అంకెలుగా చీల్చితే జరిగేది అదే.

ఆ అల్లికను పట్టుకునే ప్రయత్నాలు లేకపోలేదు. బాస్కెట్‌బాల్ జీఎంలో బుట్ట కాపలాలోనో, దూరపు కాపలాలోనో దిట్టలైనవారికి ప్రత్యేక గుర్తులుంటాయి. అలాంటివారు ఒకేసారి మైదానంలో ఉంటే జట్టు రక్షణకు కాస్త అదనపు బలం కలుస్తుంది. వీడియో క్రీడలు మరో దారి తొక్కాయి. 2008లో బోస్టన్ విజేతగా నిలిచినప్పుడు ఉత్తమ రక్షకుడి పురస్కారం అందుకున్న కెవిన్ గార్నెట్ మైదానంలో నోరు మూసుకునేవాడు కాదు. ఎడమ నుంచి స్క్రీన్ వస్తోందని, ఫలానావాడిని వదిలి వెనక్కు రమ్మని తోటివారికి కేకలు వేస్తూనే ఉండేవాడు. ఎదుటివాడి కదలికను చూడలేని రక్షకుడికి ఆ కేకే కన్ను. కప్పు కింది కెమెరాలకు స్థానాలు తెలుసు గాని మాట వినిపించదు. 2కె క్రీడ కొన్ని సంచికలలో రక్షణ నాయకుడు అనే బ్యాడ్జిని పెట్టింది. అది ఉన్నవాడు మైదానంలో ఉన్నంతసేపు మిగిలిన నలుగురి రక్షణ అంకెలు కొద్దిగా పెరుగుతాయి. ఆ గొంతుకు ఇప్పటిదాకా దొరికిన గడి ఆ బ్యాడ్జి ఒక్కటే.